గూట్లో పెట్టిన జ్ఞాపకం



"ఇప్పుడే అనుకున్నాను, అంతలోనే మరచిపోయాను" అనే మాట వినబడని ఇల్లు ఉండదు. తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తు రాదు. సంతకు వెళ్ళి సంచి నిండా సరుకులు తెస్తాము. ఏది కావాలని బయలుదేరామో అది తప్ప అన్నీ అందులో ఉంటాయి. ఆరాధన ముగిసిన తరువాత ఒకాయన ఆప్యాయంగా పలకరిస్తాడు. మనము నవ్వుతూ నిలబడతాము గాని ఆయన పేరు నోటికి రాదు. ఇటువంటి వాటిని తలచుకొని నవ్వుకోవచ్చు. అయితే కొన్ని మరపులు నవ్వి వదిలివేయదగినవి కావు. అటువంటి ఒక మరపు మా ఇంట్లోనే జరిగింది గనుక దానితోనే మొదలుపెడతాను.

మా అమ్మ చదువుకోలేదు. బీపీకి పొద్దున ఒక బిళ్ళ, రాత్రి ఒక బిళ్ళ వేసుకోవాలి. ఒకరోజు పొద్దున బిళ్ళ వేసుకొని, వేసుకున్న సంగతి మరచి, గంట తరువాత మరల వేసుకొన్నది. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి దొడ్లో పడిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. దేవుని దయవలన సాయంత్రానికి తేరుకొన్నది. నేను మాత్రం ఊరుకోలేదు. భయం కోపంగా మారి, "గంట క్రితం చేసింది గుర్తుండదా అమ్మా? ఇంత మతిమరుపైతే ఎట్లా?" అని నలుగురిలో గట్టిగా అన్నాను. ఆమె తల వంచుకొని, "చదువు రానిదాన్ని నాయనా, నా బుర్రలో ఏం నిలుస్తుంది?" అన్నది.

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. నాలుగు రోజుల తరువాత ఇంకొక సంగతి జరిగింది. ఊళ్ళో ఒక పెండ్లికి ఎంత చదివించాలని మాట వచ్చింది. "మన అక్క పెండ్లికి వాళ్ళేమి పెట్టారు?" అని అడిగాను. అక్క పెండ్లి జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. అమ్మ కళ్ళు మూసుకొని చెప్పసాగింది. "తూర్పు కొసన మొదటి ఇల్లు, ఇత్తడి బిందె. వేపచెట్టు కింద ఇల్లు, పదకొండు రూపాయలు. బావి పక్కన వాళ్ళు, స్టీలు గిన్నెలు రెండు. మలుపు తిరిగితే..." అంటూ వీధి వీధంతా నడిచినట్టు చెప్పుకుంటూ పోయింది. చదివింపుల పుస్తకం తీసి చూస్తే ఒక్కటీ తప్పు లేదు.

అప్పుడు నాకు తెలిసింది. తెలివి తక్కువైంది అమ్మకు కాదు, ఆమెను గద్దించిన నాకు. తనకు తెలియకుండానే ఆమె ఒక గొప్ప విద్యను వాడుతున్నది. ఈ నెల ఆ విద్యను గూర్చి మాట్లాడుకొందాము.

వీధి నడచిన జ్ఞాపకం

ఈ విద్య చాలా పాతది. సుమారు రెండువేల అయిదు వందల సంవత్సరముల క్రితం గ్రీసు దేశంలో సిమోనిడీస్ అనే కవి ఉండేవాడు. అతడు ఒక ధనవంతుని విందుకు వెళ్ళి, ఎవరో పిలుస్తున్నారని బయటకు వచ్చిన క్షణంలోనే భవనం కూలిందట. లోపలి వారి శరీరాలు గుర్తుపట్టలేనంతగా నలిగిపోయాయి. అయితే ఎవరు ఏ స్థానంలో కూర్చున్నారో సిమోనిడీస్‌కు కళ్ళకు కట్టినట్టు గుర్తున్నది. స్థానాన్ని బట్టి పేరు చెప్పగా, ఎవరి బంధువులు వారి వారిని తీసుకువెళ్ళి పాతిపెట్టుకొన్నారు. రోమా వక్త సిసిరో ఈ కథ వ్రాసి పెట్టాడు. విషయాన్ని ఒక స్థలంలో ఉంచితే, ఆ స్థలం విషయాన్ని తిరిగి ఇస్తుంది అన్నదే ఇందులోని సారం.

మా అమ్మ చేసింది కూడ ఇదే కదా! ఆమెకు గ్రీకు దేశం తెలియదు. ఆమెకు మా వీధి తెలుసు.

ఇది కథలకే పరిమితం కాదు. 2017లో నెదర్లాండ్స్ దేశపు పరిశోధకులు, ఇతర దేశాలవారితో కలసి, న్యూరాన్ అనే పత్రికలో ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. 72 మాటల పట్టిక చదివి అప్పజెప్పమంటే మామూలు మనుష్యులు 26 నుండి 30 మాటలు చెప్పగలిగారు. వారిలో కొందరికి ఈ స్థలాల పద్ధతిని రోజుకు అరగంట చొప్పున 40 రోజులు నేర్పించారు. తరువాత వారు సగటున ఇంకొక 35 మాటలు ఎక్కువగా చెప్పారు. వారు పుట్టుకతో మేధావులు కారు. సాధన చేశారు, అంతే. దారులను గుర్తుపెట్టుకొనడానికి, కొత్త సంగతులను నిలుపుకొనడానికి మెదడులో హిప్పోకాంపస్ అనే ఒకే భాగం ముఖ్యంగా పనిచేస్తుంది. అందుకే దారికి సంగతిని ముడివేస్తే అంత గట్టిగా నిలుస్తుంది.

రైలెక్కిన సరుకులు

ఇప్పుడు మనము చేసి చూద్దాము. సంతలో ఆరు వస్తువులు కొనాలి: మేకులు, ఉప్పు, నల్లదారం, సబ్బులు, టార్చి బ్యాటరీలు, పసుపు. కాగితం మీద వ్రాయవద్దు.

గుంటూరు నుండి నంద్యాల వెళ్ళే రైలు దారి మన ప్రాంతము వారికి తెలిసిందే. ఆ దారిలో వరుసగా వచ్చే కొన్ని స్టేషన్లు తీసుకొందాము: దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట. ఒక్కొక్క స్టేషనులో ఒక్కొక్క వస్తువును దించుదాము. మామూలుగా దించితే మరచిపోతాము. వింతగా, నవ్వు వచ్చేటట్లు దించాలి.

దొనకొండలో తెల్లవారి కాలపు విమానాల మైదానం ఉన్నది. ఆ మైదానమంతా మేకులు నిలబెట్టి ఉన్నాయి, దిగబోయిన విమానం "అయ్యో, నా కాలు!" అని మరల పైకి ఎగిరిపోయింది. మార్కాపురం రోడ్డులో పలకల కట్టలు ఉన్నాయి, పిల్లలు బలపం బదులు ఉప్పురాళ్ళతో పలకల మీద వ్రాస్తున్నారు. తర్లుపాడులో రైలును కదలనీయకుండ ఒక అవ్వ నల్లదారంతో వేపచెట్టుకు కట్టేసింది. కంభంలో చెరువంతా సబ్బు నురుగు, ఆ నురుగు కట్ట దాటి పొర్లుతున్నది. గిద్దలూరులో పట్టపగలే ప్రతి కిటికీలోంచి టార్చిలైట్లు వెలుగుతున్నాయి. దిగువమెట్టలో నల్లమల కొండలు ఎవరో పసుపు చల్లినట్లు పచ్చగా మెరుస్తున్నాయి.

ఇప్పుడు పత్రిక మూసి, కళ్ళు మూసుకొని, రైలెక్కండి. ఆరు వస్తువులూ వరుసగా వస్తాయి. దిగువమెట్ట నుండి వెనుకకు కూడ చెప్పగలరు. వల్లె వేసిన వారు వెనుక నుండి చెప్పలేరు. చూచిన వారు చెప్పగలరు. ఇదే ఆ రెంటికీ తేడా.

రైలు దారి తెలియని వారు తమ ఇంటినే దారిగా చేసుకొనవచ్చు. గడప, అరుగు, గోడలోని గూడు, దూలం, ఉట్టి, పొయ్యి, నీళ్ళ తొట్టి, దొడ్డి. ఎప్పుడూ అదే వరుసలో నడవాలి. ఎనిమిది చోట్లు ఉంటే ఎనిమిది సంగతులు దాచుకొనవచ్చు.

పలక, బలపం

మార్కాపురం పలక పట్టుకొని అక్షరాలు దిద్దిన తరాలు ఎన్నో ఉన్నాయి. నోటు పుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది గాని, పలక నేర్పిన పాఠం ఒకటి ఉన్నది. పలక మీద ఎంత అందంగా వ్రాసినా, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. అర్థం తెలియకుండ, బొమ్మ కట్టకుండ వల్లె వేసిన పాఠం పలక మీది వ్రాత వంటిదే. పరీక్ష అనే తడిగుడ్డ తగిలితే చాలు.

జర్మనీ దేశపు హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల జతలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్కలు వేసి 1885లో పుస్తకం ప్రకటించాడు. నేర్చిన వెంటనే మరపు వేగంగా ఉంటుందని, తరువాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. అంటే ఒకే రాత్రి పదిసార్లు చదవడం కంటే, ఆ రాత్రి ఒకసారి, మరునాడు పొద్దున ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చూడకుండ తలచుకోవడం మేలు. మధ్యలో చాలినంత నిద్ర కూడ ఉండాలి. పగలు నేర్చినది నిద్రలోనే గట్టిపడుతుంది. పదవ తరగతి పరీక్షలని పిల్లలను తెల్లవార్లూ కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఇది గమనించాలి. ఇంకొక మనవి. పాఠం రాని పిల్లవానిని "మట్టిబుర్ర" అనవద్దు. ఆ ఒక్క మాట మాత్రం వాడు ఎన్నటికీ మరువడు.

మన పెద్దలకు తెలిసినదే

తెలుగువారికి ఈ విద్య కొత్త కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది రకాల చిక్కులు పెడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు వాడకూడని అక్షరాలు చెబుతారు, ఒకరు అసందర్భపు ప్రశ్నలతో మనసు చెదరగొడతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ, చివరకు పద్యాలన్నీ కాగితం లేకుండ అప్పజెబుతాడు. దీనినే ధారణ అంటారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి అనే జంటకవులు ఊరూరా తిరిగి ఈ విద్యకు పేరు తెచ్చారు. పద్యంలో ప్రతి పాదానికి రెండవ అక్షరం ఒకటిగా ఉండే ప్రాస, నడక తప్పనీయని గణాలు కూడ జ్ఞాపకానికి మెట్లే. ఒక పాదం తరువాతి పాదాన్ని చేయి పట్టి తీసుకువస్తుంది.

మన సంఘాలలో చూడండి. అక్షరం రాని అవ్వలు కీర్తనలను ఒక్క మాట పోకుండ పాడతారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు మన రాగాలలో కీర్తనలు కట్టారు గనుక, రాగమే మాటలను మోసుకొని వస్తున్నది. రాగం ఆపి మాటలు మాత్రం చెప్పమంటే ఆ అవ్వే తడబడుతుంది.

119వ కీర్తన తెరచి చూడండి. ఎనిమిదేసి వచనాలకు ఒకసారి ఆలెఫ్, బేత్ అని పేర్లు కనబడతాయి. అవి హెబ్రీ అక్షరాలు. మొదటి ఎనిమిది వచనాలూ మూలభాషలో మొదటి అక్షరంతో, తరువాతి ఎనిమిదీ రెండవ అక్షరంతో మొదలవుతాయి. 22 అక్షరాలు, ఒక్కొక్కదానికి 8 వచనాలు, మొత్తం 176. అక్షరమాల వచ్చిన వానికి తరువాతి వచనం దేనితో మొదలవుతుందో ఒక ఆనవాలు దొరికేది. యొర్దాను దాటినప్పుడు పన్నెండు రాళ్ళు తీసి నిలబెట్టినదీ ఇందుకే. పిల్లలు రాయిని చూచి "ఇది ఏమిటి?" అని అడగాలి, పెద్దలు సంగతి చెప్పాలి. జ్ఞాపకానికి కంటికి కనబడే ఒక గుర్తు కావాలని అప్పుడే తెలుసు.

అంకెలకు బొమ్మలు

అన్నిటికంటె జారిపోయేవి అంకెలు. పూర్వం కావ్యాలలో, శాసనాలలో సంవత్సరాలను మాటలతో చెప్పేవారు. చంద్రుడంటే ఒకటి, కన్నులంటే రెండు. మనమూ మన ఇంటి బొమ్మలు పెట్టుకొందాము. ఒకటికి చంద్రుడు. రెండుకు కాడి ఎద్దులు. మూడుకు పొయ్యి రాళ్ళు. నాలుగుకు మంచం కోళ్ళు. అయిదుకు చేతి వేళ్ళు. ఆరుకు చీమ, దానికి ఆరు కాళ్ళు. ఏడుకు వారం చూపే క్యాలెండరు. ఎనిమిదికి ఎనిమిది కాళ్ళ సాలెపురుగు. తొమ్మిదికి నెలలు నిండిన తల్లి. సున్నాకు గుండు చెంబు.

బ్యాంకు కార్డు రహస్య సంఖ్య 4382 అనుకొనండి. మంచం మీద ఎవరో పొయ్యి రాళ్ళు పెట్టి వంట చేస్తున్నారు, పైనుండి సాలెపురుగు కుండలో పడింది, దాన్ని చూచి ఎద్దులు బెదిరి పరుగెత్తాయి. ఇక మరువరు. కార్డు వెనుక ఆ సంఖ్య వ్రాసి పెట్టుకొని, కార్డుతోబాటు సొమ్ము కూడ పోగొట్టుకొనవలసిన అగత్యం ఉండదు. అయితే ఈ కథను మాత్రం ఎవరికీ చెప్పకండి!

కొన్ని సంఖ్యలు తమ కథను తామే చెబుతాయి. మన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, తూర్పుగా పారుతుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఒంగోలులో పనిచేసిన క్లౌ దొర కాలపు సంగతి ఇది. ఆరుగురు బోధకులు వంతులు వేసుకొని, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఇద్దరిద్దరుగా నిలబడినారు గనుక అన్నీ రెండ్లే అని తలచుకొంటే, ఆ సంఖ్య ఏటి నీళ్ళతో సహా కళ్ళ ముందు ఉంటుంది.

సెల్‌ఫోన్లు వచ్చాక మన ఇంటివారి నంబర్లు కూడ మనకు రావు. ఫోను పోయిన నాడు, చార్జింగు అయిపోయిన నాడు బస్టాండులో ఎవరిని అడగాలి? ఇంట్లోని పిల్లలకు, పెద్దలకు కనీసం రెండు నంబర్లు కంఠస్థం రావాలి. పది అంకెలను ఒకే గుక్కలో కాక, మూడు మూడు నాలుగుగా విడదీసి, బొమ్మలు కట్టి నేర్పండి.

నెలకు ఎన్ని రోజులని పిల్లలు అడిగితే పిడికిలి చూపండి. వేలి కణుపు మీద జనవరి, పల్లంలో ఫిబ్రవరి, మరల కణుపు మీద మార్చి. చివరి కణుపు మీదికి జూలై వస్తుంది. ఆగస్టుకు మరల మొదటి కణుపు నుండి లెక్కపెట్టాలి. కణుపు మీద వచ్చినవన్నీ 31 రోజుల నెలలు.

పేర్ల విషయము. పేరు మరచిపోవడానికి ముఖ్య కారణం అసలు వినకపోవడమే. పేరు చెప్పినప్పుడు మనము "నేనేమి మాట్లాడాలి" అని ఆలోచిస్తుంటాము. కనుక పేరు విన్న వెంటనే ఒకసారి పలకండి: "కరుణ గారా, మీది ఏ ఊరు?" తరువాత ముఖంలో ఒక గుర్తు చూచి పేరుకు ముడివేయండి. ఆ ముడి మీ మనసులోనే ఉండాలి సుమా. ముక్కును, పంటిని ఎగతాళి చేసే ముడి అయితే ఎప్పుడో ఒకనాడు నోరు జారుతుంది.

మరపు జబ్బైతే

ఈ ఉపాయాలు అన్నిటికీ మందు కావు. తెలిసిన వీధిలోనే దారి తప్పడం, అడిగిన ప్రశ్ననే పది నిమిషాలకొకసారి అడగడం, ఎప్పుడూ చేసే వంట పద్ధతే మరచిపోవడం, డబ్బు లెక్క తెలియకపోవడం కనబడితే అది వయసు అని సరిపెట్టుకోవద్దు, దయ్యమని ఎక్కడెక్కడికో తిప్పవద్దు. వైద్యునికి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తక్కువ కావడం, మనోవేదన, కొన్ని మందుల ప్రభావం వంటి వాటివలన వచ్చే మరపు చికిత్సతో తగ్గవచ్చు. తగ్గని జబ్బులు కూడ ఉన్నాయి. అప్పుడు ఆ మనిషికి పరీక్షలు పెట్టకుండ, "నన్ను గుర్తుపట్టలేదా?" అని నిలదీయకుండ, మనమే పేరు చెప్పి పలకరించాలి. వారి జ్ఞాపకం జారిపోయిన చోట ఇంటివారు జ్ఞాపకంగా నిలబడాలి.

మా అమ్మను వైద్యునికి చూపించాము. అటువంటి జబ్బేమీ లేదన్నారు. తరువాత ఆమెతోనే కూర్చుని ఉపాయం ఆలోచించాము. పొద్దున లేవగానే ఆమె చేసే మొదటి పని కోళ్ళగంప ఎత్తడం. "గంప ఎత్తగానే కింద గుడ్డు బదులు తెల్లబిళ్ళ ఉన్నట్లు అనుకో" అన్నాను. నవ్వి, "పెట్ట బిళ్ళ పెట్టిందా!" అన్నది. రాత్రి బిళ్ళను తలుపు గడియకు ముడివేసుకొన్నది. ఇంక మిగిలింది వేసుకున్నదీ లేనిదీ తెలియడం. దానికి నా దగ్గర ఉపాయం లేదు. ఆమే చెప్పింది. "గోడకు రెండు గూళ్ళున్నాయి గదా నాయనా. పొద్దున వేసుకున్నాక అట్ట పై గూట్లోంచి కింది గూట్లో పెడతా. రాత్రి వేసుకున్నాక మరల పైకి. మనవడు అందుకోకుండ రెండిటికీ తలుపు పెట్టించు." తలుపులు పెట్టించాను. ఆ తరువాత ఆమె ఒక్కనాడూ తప్పలేదు. నలుగురిలో అన్న మాటకు, ఆ నలుగురు ఉండగానే ఆమెకు క్షమాపణ చెప్పుకొన్నాను.

ఈ నెల అభ్యాసం

రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాది కూర్చుని, మీ ఇంటిలో ఎనిమిది చోట్లు వరుసగా ఎంచుకొనండి. ఒకరు ఎనిమిది వస్తువులు చెప్పాలి, తక్కినవారు వాటిని ఆ చోట్లలో వింతగా పెట్టుకోవాలి. మరునాడు పొద్దున ఎవరికి ఎన్ని గుర్తున్నాయో అడగండి. ఇంట్లో చదువు రాని పెద్దవారుంటే వారిని ముందు కూర్చోబెట్టండి. వారు మీకంటె ఎక్కువ చెబితే ఆశ్చర్యపోకండి.

సరుకుల సంచి పట్టుకొని బయలుదేరే ముందు, దొనకొండ నుండి దిగువమెట్ట దాకా ఒకసారి రైలెక్కి రండి. ఆరు వస్తువులూ ఉన్నాయా? వచ్చే నెల మరల కలుసుకొందాము.